పదిహేను లీటర్ల ముడి

బుధవారం కార్తీక పౌర్ణమి. మా ఆవిడ గుళ్లో 365 వత్తులు వెలిగించి ఇంటికొచ్చేసరికి హాలంతా నీళ్లు. మధ్యలో బోర్లా పడ్డ బకెట్. పక్కన స్టూలు మీద నేను, ఉయ్యాల కొక్కేనికి వేలాడుతున్న దారం ముక్క పట్టుకుని. పొద్దుటి నుంచీ ఉపవాసం ఉన్న మనిషి. గుమ్మంలోనే నిలబడి ఒకసారి బకెట్ వంకా, ఒకసారి పై కప్పు వంకా చూసి, "ముందు తుడవండి, తర్వాత చెప్పండి" అంది.

తుడిచాకే చెప్పాను. ఆ బకెట్ 15 లీటర్లది. నిండా పోస్తే నీళ్లే 15 కిలోలు. ఆదివారం తెల్లవారుజామున యానాం దగ్గర గోదావరి మీదికి పండుగప్ప చేప వేటకి వెళ్తున్నాను. రీలుకి చుట్టిన సన్నటి బ్రెయిడ్ దారానికీ, దాని చివర తగిలించే లావుపాటి లీడర్‌కీ మధ్య ఒక ముడి ఉంటుంది. ఆ ముడి ఎంత బరువుకి ఆగుతుందో గోదావరి మీద తేలడం కంటే ఇంట్లో తేలడం మంచిదనుకున్నాను. బ్రెయిడ్ డబ్బా మీద 40 పౌన్లని రాసి ఉంది, అంటే 18 కిలోలు. ముడి దగ్గర కొంత బలం ఎలాగూ పోతుంది కాబట్టి 15 కిలోలకి ఆగితే చాలు. ఆగలేదు. తెగలేదు కూడా, జారిపోయింది. తెగితే దారాన్ని తిట్టుకోవచ్చు. జారితే తప్పు కట్టినవాడిది.

ఈ బకెట్ పిచ్చి ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే పోయిన మాఘమాసం దగ్గరికి వెళ్లాలి.

నేను కాకినాడ దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. సెలవు దొరికితే యానాం వెళ్తాను. అక్కడ ఒక పడవ మనిషి ఉన్నాడు, పదకొండేళ్ల పరిచయం, నేను బాబాయ్ అంటాను, ఆయన మేష్టారూ అంటాడు. మాఘంలో ఒక రోజు ఎదుర్లంక వైపు ఒక చిన్న పాయ గోదావరిలో కలిసే చోట ఇద్దరం ఉన్నాం. పాటు సాగుతోంది, పాయలోంచి నీళ్లు కిందికి దిగుతున్నాయి. నేను ల్యూర్, అంటే ఉత్తుత్తి ఎర, వేసి నెమ్మదిగా లాగుతున్నాను. పండుగప్ప ఎర మీద పడితే వచ్చే చప్పుడు విన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కరిచిన చప్పుడు కాదు. ఖాళీ ఇంట్లో తలుపు గాలికి మూసుకున్నట్టు "దబ్" మంటుంది. ఆ చేప నోరు ఒక్కసారి తెరిచి నీళ్లతో పాటు ఎరని లోపలికి లాగేసుకుంటుంది, ఆ చప్పుడది.

మొదటి గెంతులో తల మాత్రం కనిపించింది. రెండోసారి ఒళ్లంతా పైకి లేచింది. వెండి పళ్లెం ఎవరో నీళ్లలోంచి ఎగరేసినట్టు. బాబాయ్ తెడ్డు వదిలేసి లేచి నిలబడ్డాడు. "పదికి తగ్గదండీ" అన్నాడు. ఆయన బరువు అంచనా తప్పడం నేను చూడలేదు. మూడో గెంతులో అది తల రెండుసార్లు అటూ ఇటూ విదిలించింది. అంతే, రాడ్డు తేలికైపోయింది.

దారం లాక్కుని చూస్తే లీడర్ చివర కత్తితో కోసినట్టు లేదు. ఇసక కాగితంతో రుద్దినట్టు తెల్లగా, నూగు నూగుగా ఉంది. ఆ ముక్క ఇప్పటికీ నా నోట్‌బుక్కులో టేపు వేసి అతికించి ఉంది.

పండుగప్పకి పెద్ద పళ్లుండవు. నోట్లో వేలు పెడితే ముతక ఆకురాయి తగిలినట్టుంటుంది. అసలు ఆయుధం మొప్ప మూత. దాని అంచు రంపంలా ఉంటుంది, కొన చురుగ్గా ఉంటుంది. తల విదిలించినప్పుడు దారం ఆ అంచు మీద పడితే చాలు. అప్పటి నా లీడర్ 30 పౌన్లది, మూరెడు పొడుగు. పది కిలోల చేప పొడుగుకి మూరెడు ఎక్కడ సరిపోతుంది? చేప అడ్డం తిరిగితే బ్రెయిడే వెళ్లి మొప్ప మీద పడుతుంది. చేప తప్పేమీ లేదు. నేనే పీచు మిఠాయి పుల్లతో ఎద్దుని కట్టేశాను.

అందుకని ఈసారి 60 పౌన్ల లీడర్, బారెడు. మూర నుంచి బారకి వెళ్లగానే ఇంకో చిక్కు వచ్చింది. లీడర్ బారెడు ఉంటే ఎర విసిరే ముందు ఆ ముడి రాడ్డు రింగుల లోపలికి వచ్చేస్తుంది, విసిరినప్పుడు వాటి గుండానే బయటికి పోవాలి. నాకు చేతనైన ముడి బఠాణీ గింజంత ఉంటుంది. అది రింగుకి తట్టుకుంటే ల్యూర్ ఒక పక్కకీ దారం ఒక పక్కకీ. సన్నగా ఉండే ముడి కావాలి. దాన్నే ఎఫ్‌జీ ముడి అంటారు. ఇందులో లీడర్‌కి ముడే పడదు. బ్రెయిడ్‌ని బిగించి పట్టుకుని లీడర్‌ని కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి దాటిస్తూ పోతే జడలాగా అల్లుకుంటుంది. ఇరవై అల్లికలు. లాగిన కొద్దీ బిగుస్తుంది. పైన చివరి కట్లు బ్రెయిడ్ ఊడిపోకుండా. మొత్తం పని ఘర్షణదే. ఎనిమిదో తరగతి పాఠం, ఏటా చెబుతాను. చెప్పడానికి అల్లడానికి ఎంత తేడా ఉందో బుధవారం హాల్లో తెలిసింది. తడిపి బిగించకుండా పొడిగానే లాగేశాను, అల్లికలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

గురువారం రాత్రి మంచం కోడుకి కట్టి ఎనిమిది వేశాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కాసేపు చూసి, "నాన్నా, ఒక చివర పళ్లతో పట్టుకో" అంది. బ్రెయిడ్ గట్టిగా లాగి ఉంచడానికి మూడో చెయ్యి లేకే కదా నా అవస్థంతా. పళ్లతో పట్టుకుంటే కుదిరింది. తొమ్మిదోది బకెట్‌ని రాత్రంతా మోసింది. ఈసారి బకెట్ కింద పరుపు, పరుపు మీద ప్లాస్టిక్ పట్టా.

చేప గురించి రెండు మాటలు చెప్పాలి, మిగతా కథకి అవసరం. ఇంగ్లిష్ పుస్తకాల్లో దీన్ని జెయింట్ పెర్చ్ అనీ, ఏషియన్ సీబాస్ అనీ అంటారు. బెంగాలీలు భేట్కి అంటారు, తమిళులు కొడువా. ఆస్ట్రేలియాలో బారముండి, అక్కడ దానికోసం మనుషులు ఇళ్లు వాకిళ్లు వదిలేసి తిరుగుతారు. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సుని ఏలుతున్న నైలు పెర్చ్ దీనికి దాయాది. గాలానికి పడ్డవాటిలో ప్రపంచ రికార్డు 2010లో క్వీన్స్‌లాండ్‌లో పట్టిన 44 కిలోల పైచిలుకు చేప. మన వైపు అంత పెద్దది చూశామని చెప్పేవాళ్లు ప్రతి రేవులోనూ ఒకరుంటారు. ఫొటో అడగకూడదు.

ఉప్పు నీళ్లలోనూ మంచి నీళ్లలోనూ బతుకుతుంది. గుడ్లు పెట్టేది మాత్రం నది నోటి దగ్గర, ఉప్పు ఎక్కువ ఉన్న చోట. పిల్లలు పోటుతో పాటు పాయల్లోకీ మడ అడవుల్లోకీ వచ్చి పెరుగుతాయి. నీటి వాలుకి ఎదురుగా ఈదుతూ తిరిగే రకం కాదు. దుంగ చాటునో వంతెన స్తంభం చాటునో నీళ్లు నెమ్మదిగా ఉన్న చోట నిలబడి, వాలుతో కొట్టుకొచ్చేదాన్ని అందుకుంటుంది. మా స్కూల్లో టీ టైముకి కారిడార్ మలుపు దగ్గర నిలబడే మేష్టారొకాయన ఉన్నారు, అచ్చం అలాగే.

కాబట్టి రోజు ఎంచుకోవడంలోనే సగం వేట ఉంది. పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోట్లు. ఈ పున్నమికి చంద్రుడు ఏడాది మొత్తంలో అందరికంటే, అంటే మిగతా పున్నములకంటే, దగ్గరగా ఉన్నాడు. పిల్లలకి క్లాసులో చెప్పాను, కొంతమంది నిజంగానే మేడ ఎక్కి చూశారట. కాకినాడ తీరంలో పున్నమి నాడు పొద్దున్న తొమ్మిది ప్రాంతంలో పోటు నిండుతుంది. బాబాయ్ వాళ్ల పాత లెక్క ప్రకారం పోటు రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుతుంది. గడియ 24 నిమిషాలు, రెండు గడియలంటే 48. మా సైన్సు పుస్తకం రోజుకి 50 నిమిషాలంటుంది. రెండు నిమిషాల తేడాకి బాబాయ్‌తో వాదించే ధైర్యం నాకు లేదు. నాలుగు రోజులకి ఎనిమిది గడియలు, అంటే మూడు గంటల పైన. ఆదివారం పోటు మధ్యాహ్నం పన్నెండు దాటాక నిండుతుంది, దానికి ఆరు గంటల ముందు, పొద్దున్న ఆరు ప్రాంతంలో సముద్రం దగ్గర పాటు ముగుస్తుంది. యానాం దాకా నదిలో ఆ మార్పు తెలియడానికి నా నోట్‌బుక్కు లెక్కలో ఇంకో గంట. అంటే వెలుగు రావడం, పాటు చివరి గంట నడవడం రెండూ ఒకేసారి. పాయలు ఖాళీ అవుతుంటే అందులో దాక్కున్న రొయ్యా చిన్న చేపా అంతా మూతి దగ్గరికి దిగక తప్పదు. పండుగప్ప అక్కడ కాచుకుని ఉంటుంది. ఆదివారం సెలవు, మసక వెలుగు, పాటు చివర, మూడూ కలిసిన రోజు నా నోట్‌బుక్కులో ఏడాదికి ఏ నాలుగో ఐదో.

ఒక్కటే బెంగ ఉండేది, నీరు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు రెండు రోజులు కరెంటు లేదు, పెరట్లో అరటి చెట్లు పోయాయి, అంతకంటే చెప్పుకోవాల్సిన నష్టం లేదు. లంకల్లో వరి పోయినవాళ్ల ముందు నేను చేపల నీళ్ల గురించి మాట్లాడటానికి సిగ్గేసింది. వారం తర్వాత గానీ బాబాయ్‌కి ఫోన్ చెయ్యలేదు. ఆయన పడవ బాగానే ఉంది, ముందే ఒడ్డు ఎక్కించేశాడు. ఆయనే చెప్పాడు, "మన పాయ మూతి దగ్గర ఒడ్డు కోసుకుపోయిందండి. రెండు కొబ్బరి చెట్లు నీళ్లలో పడున్నాయి. తలలు కిందికి."

ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. కొబ్బరి చెట్టు నీళ్లలో పడిందంటే ఆ రైతుకి నష్టం. కానీ మట్టల సందుల్లో చిన్న చేపలు చేరతాయి, వాటి వెనక మొదలు చాటున పెద్దది చేరుతుంది. రెండు ఆలోచనలూ ఒకే బుర్రలో ఉన్నాయి. ఏం చెయ్యను.

చెట్లు ఉన్నాయంటే దారం చుట్టుకుపోయే భయం కూడా ఉంది. చేప లాగితే రీలు ఎంత బలానికి దారం వదలాలో చూసే బిగింపుని డ్రాగ్ అంటారు, దాన్ని బిగించాను. అమ్మాయి హాస్టల్లో ఉన్న రోజుల్లో సూట్‌కేసులు తూచడానికి కొన్న కొక్కెం త్రాసు ఒకటి ఉంది, దారం దానికి తగిలించి లాగితే ఆరు కిలోల దగ్గర రీలు వదలడం మొదలెట్టాలి. బ్రెయిడ్ బలంలో మూడో వంతు. ఇంతకు ముందు చేత్తో లాగి "ఆ, సరిపోతుంది" అనుకునేవాణ్ణి. తూచి చూస్తే నా "సరిపోతుంది" రెండున్నర కిలోలని తేలింది. మాఘంలో చేప మూడు గెంతులు గెంతిందంటే నేను దాన్ని గెంతనిచ్చాను.

ల్యూర్ల గురించి ఎక్కువ చెప్పను, ఎవరి పిచ్చి వాళ్లది. మూడే తీసుకెళ్తున్నాను. నాలుగంగుళాల రబ్బరు చేప, చిన్న చేప ఆకారంలో ఉండే బంగారు రంగు మిన్నో, నీళ్ల మీద చప్పుడు చేసే పాపర్ ఒకటి. మూడు ముళ్ల కొక్కేలు విప్పేసి ఒంటి కొక్కేలు పెట్టాను. కొన వెనక ఉండే చిన్న ముల్లుని పటకారుతో నొక్కేశాను. ఉప్పు నీటికి తుప్పు పట్టిన రింగులు మార్చాను. బతికిన ఎర కావాలంటే బాబాయ్ విసురువలతో అక్కడికక్కడే రొయ్యలు పడతాడు. తాళ్లరేవు దారిలో ఎటు చూసినా రొయ్యల చెరువులే, వనామీ అడిగితే ఇస్తారు, కానీ చెరువు రొయ్యని నదిలో వెయ్యకూడదని నా పట్టుదల. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ జబ్బు ఒక్క చెరువుతో ఆగదు.

లైఫ్ జాకెట్లు రెండు. 2019లో కచ్చులూరు ప్రమాదం తర్వాత మా ఆవిడ పెట్టిన నియమం, జాకెట్ వేసుకున్న ఫొటో పడవలోంచి పంపిస్తేనే ఆవిడ మళ్లీ పడుకుంటుంది. బాబాయ్ జాకెట్ మీద కూర్చుంటాడు. కోరింగ అభయారణ్యం హద్దుల్లోకి వెళ్లం, అది మాత్రం ఆయన కూడా ఖచ్చితంగా పాటిస్తాడు.

ఇక అసలు సంగతి.

వేసవిలో కాకినాడ చేపల మార్కెట్లో నాలుగు కిలోల పండుగప్ప కొన్నాను. పట్టింది కాదు, కొన్నదే. కోసే ఆవిడ ముప్పై ఏళ్లుగా అదే పీట మీద కూర్చుంటోంది. పొట్ట చీల్చి, "పాలు" అంది. మగ చేప అని. గుడ్లున్నది కావాలంటే ఎలా చూసి కొనాలి అని అడిగాను. కత్తి ఆపకుండానే చెప్పింది. "ఇందులో చిన్నదాంట్లో గుడ్లుండవండి. పెద్దదాంట్లో పాలుండవు. చిన్న ఆడదాన్ని నేను ఒక్కసారి కూడా కొయ్యలేదు. ఆడపిల్లలెక్కడ పెరుగుతాయో గోదారమ్మకే తెలియాలి."

ఇంటికొచ్చి చదివాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. పండుగప్ప మగగా ఎదుగుతుంది. మూడు నాలుగేళ్లకి మగ చేపగా ఈడుకి వస్తుంది, ఇంకొన్నేళ్లు పోయాక అదే చేప ఆడదవుతుంది. ఆ మార్పు ఎక్కువగా 85 సెంటీమీటర్ల నుంచి మీటరు లోపు వస్తుంది, బరువు చూస్తే ఏడెనిమిది కిలోలు దాటాక. అంటే పెద్దవన్నీ దాదాపు ఆడవే. ఒక్కోటి కోట్లలో గుడ్లు పెడుతుంది. చెన్నైలో ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ, సీబా, 1997లో వీటితో హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసింది, నాగాయలంక వైపు సాగు చేసేవాళ్లున్నారు. కానీ నదిలో చేపకి ఆ ఆసరా లేదు. క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపుదీ, 120 దాటిందీ ఉంచుకోకూడదని చట్టమే ఉంది. మనకి ఎవరూ చెప్పకపోతే మనమే చెప్పుకోవాలి.

నేను ఏడాదిగా ముళ్లూ ముడులూ సరిచేసుకుంటున్నది సరిగ్గా ఆ పది కిలోల ఆడదాని కోసం.

రాడ్డు మీద కింద నుంచి 85 సెంటీమీటర్లు కొలిచి ఎర్ర టేపు చుట్టాను. టేపు దాటితే వదిలేస్తాం. దాటకపోతే ఒకటి ఉంచుకుంటాం. చేపని గుచ్చి పైకి లాగే ఇనప కొక్కెం ఇంట్లోనే వదిలేసి రబ్బరు అల్లిక ఉన్న చేతివల కొన్నాను. తీసే ముందు చేతులు తడుపుకోవాలి, తలకిందులుగా వేలాడదియ్యకూడదు, అడ్డంగా పొట్ట కింద చెయ్యి పెట్టాలి, కళ్ల మీద తడిగుడ్డ వెయ్యాలి. అమ్మాయి ఇదంతా ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. కింద "ఫొటోకి పది సెకన్లే" అని గీత గీసింది.

ఇంట్లో మెచ్చుకుంటారనుకున్నాను. కార్తీకం కదా, ఇంట్లో ఉల్లిపాయ కూడా ముట్టడం లేదు, చేప తేకుండా రావడం అందరికీ నయమే. మా అమ్మ జపమాల పక్కన పెట్టి అడిగింది. "తినడానికి పట్టడం అర్థమవుతుంది. పట్టి వదిలెయ్యడం ఏమిట్రా? దాని నోట్లో కొక్కెం గుచ్చి, గంట లాగి, పోనీలే పో అంటావా? తినేవాడికైనా ఆకలి అని ఒక కారణం ఉంది. నీకేముంది?"

నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు వెతికాను. ఇప్పటికీ లేదు.

బాబాయ్‌కి శుక్రవారం ఫోన్‌లో చెప్పాను. పడవ మీద చెబితే బావుండదు, పెద్ద చేప చేతిలో ఉన్నప్పుడు ఎవరికీ ఏమీ వినపడదు.

"ఏంటండీ, పట్టిందాన్ని వదిలేత్తారా?"

"85 సెంటీమీటర్లు దాటితేనే, బాబాయ్."

"దాటకపోతే?"

"ఒకటి ఉంచుకుందాం. అది నీకే. మా ఇంట్లో కార్తీకం."

కాసేపు ఏం మాట్లాడలేదు. వెనకాల ఎవరో వల దులుపుతున్న చప్పుడు వినపడుతోంది. "అంటే చిన్నది నాకు, పెద్దది గోదారికీ" అన్నాడు.

కిలో ఆరొందలు వేసుకున్నా పది కిలోలంటే ఆరు వేలు. ఆ పూటకి నేను ఆయనకిచ్చేది పదిహేను వందలు. నెలకి జీతం పడే మనిషిని, నేను వదిలేసి ఫొటో దిగి ఇంటికెళ్తాను. ఆయన కళ్ల ముందు నాలుగు రోజుల కూలి తోక ఊపుకుంటూ వెళ్లిపోతుంది. ఈ లెక్క నాకు తెలియక కాదు. "పెద్దది పడి వదిలేస్తే సగం ధర నేనిస్తాను బాబాయ్" అన్నాను.

"పడని చేపకి బేరం ఆడకూడదండి" అని ఆ మాట అక్కడే కోసేశాడు. తర్వాత అడిగాడు, "మరి నా చేతి గాలానికి పడితే?"

పడవ మీద ఆయన కూడా ఖాళీగా ఉండడు. ఒక చెక్క ముక్కకి నైలాన్ దారం చుట్టి, బతికిన రొయ్య గుచ్చి, కాలి బొటనవేలికి తగిలించుకుని చుట్ట కాలుస్తుంటాడు. నా సరంజామా అంతటికీ ఆయన బొటనవేలికీ పదకొండేళ్ల లెక్క తీస్తే వేలిదే పైచెయ్యి.

"నీ గాలానికి పడింది నీ ఇష్టం" అన్నాను. ఇంకేమంటాను?

"ఆయ్. అలాగైతే సరే."

ఇప్పుడు శనివారం రాత్రి తొమ్మిదిన్నర. సంచి గుమ్మం పక్కన ఉంది. మూడున్నరకి బండి తీస్తే జగన్నాథపురం వంతెన దాటి, తాళ్లరేవు మీదుగా, మంచు లేకపోతే నాలుగున్నరకల్లా రేవులో ఉంటాను. పులిహోర డబ్బా, నీళ్లు, తలకి కట్టే లైటు, దోమల మందు, పటకారు, త్రాసు, తడిగుడ్డకని పాత తువ్వాలు. మా ఆవిడ పొద్దున్న "ఎక్కడికి" అని అడగకూడదని అందరికీ చెప్పి పెట్టింది. ఆవిడకి నమ్మకం లేదు గానీ అడిగి తిట్లు తినడం ఎందుకని.

ఇంతలో బాబాయ్ ఫోన్.

"గాలి లేదండి. నీరు కూడా తేరింది, మోచెయ్యి ములిగేదాకా వేళ్లు కనపడుతున్నాయి. సాయంత్రం ఆ కొబ్బరి చెట్ల దగ్గర రెండు దెబ్బలు విన్నాను. పెద్దయ్యేనండి."

"వస్తున్నాను బాబాయ్."

"మేష్టారూ, మీకు రెండో రాడ్డు ఉంది కదండీ?"

"ఉంది. ఎందుకు?"

"తెచ్చెయ్యండి. రేపు నేనూ ఒకటి పట్టుకుంటాను."

పెట్టేశాడు. పదకొండేళ్లుగా నా రాడ్డుని చూసి "మీ బెత్తం" అని నవ్వే మనిషి. ముట్టుకోమంటే కూడా ముట్టుకునేవాడు కాదు. 60 పౌన్ల లీడర్, బారెడు, ఆరు కిలోల డ్రాగ్, అన్నీ నేనే ఫోన్‌లో గొప్పగా చెప్పాను. ఆయన గాలానికి పడింది ఆయన ఇష్టం అని కూడా నేనే అన్నాను. అది చేతి గాలమా, నా రాడ్డా అని అప్పుడు ఎవరూ విడమరచలేదు.

రెండో రాడ్డు అటక మీంచి దించాను. లీడర్ లేదు, బారెడు కొలిచి కోశాను. దానికి ఎర్ర టేపు చుట్టాలా వద్దా అని కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ముందు ముడి పని చూడాలి. బకెట్ నింపుతున్నాను, ఈసారి పెరట్లో, జామచెట్టు కొమ్మకి.